కొసరు వేయకూడని కొలత

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు ముందుగా రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, గ్రీన్ కార్డ్ లేనిదే మాలాంటి ల్యాబుల్లో తలుపు కూడా తీయరు. మాస్టర్స్ చేస్తూ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అప్లై చేసి సమయం పాడుచేసుకోకండి. రెండు, తుపాకులంటే మోజు ఉన్నవాళ్లకు ఈ పని అంత బాగా పట్టుబడదు. నాకు ఆ మోజు ఎప్పుడూ లేదు. గుడ్డు కూడా గడప దాటని ఇంట్లో పుట్టాను. జింకను చూస్తే కారు ఆపి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది, అంతే. అలాంటిదాన్ని 2001 నుంచి 2015లో రిటైరయ్యేదాకా రైఫిల్ తూటాలో ప్రెషర్ ఎంత, అది బయటికి వచ్చే వేగం ఎంత అని కొలుస్తూ బతికాను. ఆ ఏళ్లలో నేను పేల్పించినన్ని తూటాలు మిషిగన్‌లో ఏ వేటగాడూ కాల్చి ఉండడు. గురి మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. గోడకు ఇవతల నిలబడి ట్రిగ్గర్‌కు కట్టిన తాడు లాగడమే నా వంతు.

ప్రమోషన్ల గురించి రాయను. మా ల్యాబ్‌లో ఉన్నదే గుప్పెడు మందిమి, ఎవరు ఎవరి నెత్తికెక్కాలి? పని ఎలా ఉండేదో, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నానో అది మాత్రం చెప్తాను.

ఇంజిన్ల నుంచి తూటాల్లోకి

అంతకు ముందు ట్రాయ్‌లో ఒక ఆటో పార్ట్స్ కంపెనీలో ఉండేదాన్ని. ఇంజిన్ సిలిండర్ లోపల పెట్రోలు మండినప్పుడు ప్రెషర్ ఎంత లేస్తోందో సెన్సర్ పెట్టి చూడడం నా ఉద్యోగం. లే ఆఫ్‌లు మొదలైనప్పుడు మా గ్రూపంతా ఒకేసారి పోయింది. నోవైకి అవతల ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ప్రెషర్ సెన్సర్లు తెలిసినవాళ్లు కావాలని ప్రకటన చూసి వెళ్లాను. కంకర రోడ్డు, దాని చివర రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. కోళ్ల ఫారమేమో అనుకుని ముందుకు పోయి మళ్లీ వెనక్కి తిప్పుకున్నాను.

ఇంటర్వ్యూ చేసినవాడు వేన్. ల్యాబ్ ఆయనదే. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న దంటులా ఉండేవాడు. నా రెజ్యుమే పక్కన పెట్టి ఒకటే ప్రశ్న అడిగాడు. నువ్వు షూటింగ్ చేస్తావా అని. లేదు, ముట్టుకోను కూడా అన్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మంచిది. అయితే మీటర్ చెప్పినదాంతో వాదన పెట్టుకోవు. సోమవారం వచ్చెయ్" అన్నాడు.

సుగుణ అనే పేరు ఆయన నోట పట్టలేదు. చివరిదాకా "సూ" అనే పిలిచాడు.

మనవాళ్లలో నా ఉద్యోగం గురించి చెప్పడం పెద్ద తంటా. ఇంటికో వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా అడిగితే ప్రెషర్ కొలుస్తాను అనేదాన్ని. వెంటనే ఒక ఆంటీ గారు చెయ్యి చాపి "మా ఆయనకి నూట యాభై ఉంటోందమ్మా, మాత్ర మార్చాలంటావా" అనేవారు. తుపాకి తూటాల్లో ప్రెషర్ అని చెప్తే చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, పులిహోర గిన్నె వైపు వెళ్లిపోయేవారు.

తూటాలో జరిగేది

అమెరికాలో చాలామంది వేటగాళ్లు, గురి పోటీలకు వెళ్లేవాళ్లు తూటాలు సొంతంగా తయారుచేసుకుంటారు. దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, కింద నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిగించి, లోపల తుపాకిమందు పోసి, పైన గుండు కూర్చుతారు. మనిళ్లలో ఆవకాయ పెట్టినట్టే. ఎవరి చెయ్యి వాళ్లది, ఎవరికి వాళ్లు తమదే గొప్ప అనుకుంటారు. ఏ గుండుకి ఏ మందు ఎంత పోయాలో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగాలో చెప్పే పుస్తకాలు ఉంటాయి. ఆ పుస్తకాల్లో అంకెలు మాలాంటి ల్యాబుల నుంచే వెళ్తాయి.

మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే ఎంతో మన కంసాలిని అడిగితే చెప్తాడు, గురివింద గింజ ఎత్తులో సుమారు సగం. అంత చిన్న తూకంలో ప్రాణం ఉంటుంది.

ట్రిగ్గర్ నొక్కగానే ప్రైమర్ అంటుకుంటుంది, మందు మండుతుంది, వాయువు పుట్టి గుండును ముందుకు తోస్తుంది. ప్రెషర్ ఒక్క ఉదుటున పైకి లేచి, గుండు రైఫిల్ గొట్టంలో ముందుకు పోయేకొద్దీ తగ్గుతుంది. నా స్క్రీన్ మీద అది ఒక నిటారు కొండలా కనబడేది. కొండ శిఖరాన్ని రైఫిల్ ఉక్కు తట్టుకోవాలి. కొండ మొత్తం కలిసి గుండుకు వేగం ఇస్తుంది. మందు కాస్త పెంచితే వేగం కాస్త పెరుగుతుంది, శిఖరం మాత్రం అంతకంటే బాగా ఎక్కువ పెరుగుతుంది. పుస్తకంలో చెప్పిన ఆఖరి అంకె దాటాక మరీ అన్యాయం. వేగం నత్తలా కదులుతుంది, ప్రెషర్ మేకలా గెంతుతుంది.

ఈ ఒక్క ముక్క ఒంటబట్టించుకోవడానికి మనుషులు ఎంత ఇబ్బంది పడతారో చెప్పలేను. వచ్చిన ప్రతి కస్టమరుకీ వేగం పెరగాలి, ప్రెషర్ పెరగకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. వేన్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇది. ఒకే గుండు, ఒకే మందు, ఒకే పొడవు రైఫిల్ గొట్టం అయినప్పుడు, వేగం పుస్తకం కంటే ఎక్కువ వచ్చిందంటే ప్రెషర్ కూడా ఎక్కువే వచ్చింది. నీకు కనబడలేదు, అంతే. రైఫిల్ పగలలేదు కాబట్టి పర్వాలేదు అనేవాడిని వేన్ పిచ్చివాడి కింద లెక్కవేసేవాడు. పేలిన ప్రైమర్ చదునైందా లేదా అని చూసి ప్రెషర్ చెప్పేవాళ్లను కూడా ఆయన నమ్మలేదు, నేనూ నమ్మను. ఒక్కోసారి అన్నీ బాగున్నట్టే కనబడి లోపల కొంప మునుగుతూ ఉంటుంది.

వేన్ మాటకారి కాదు గానీ మనుషులను దారికి తేవడం తెలుసు. ఒక తూటాల కంపెనీ నుంచి సేల్స్ ఆయన వచ్చి, అట్టపెట్టె మీద వేగం అంకె ఇంకొంచెం పెద్దదిగా వేసుకుంటాం, టెస్టులో ప్రెషర్ హద్దు మీదే ఉంది కదా, కాస్త దాటితే ఏమవుతుంది అని ఒక పూటంతా బతిమాలాడు. వేన్ కాదనలేదు. ఆయన అడిగినంత మందుతో ఒక తూటా తయారుచేయించి, బీరువాలోంచి ఒక పాత రైఫిల్ తీసి, రెండూ ఆయన చేతుల్లో పెట్టాడు.

"నువ్వే కాల్చు. మేం గోడ వెనక ఉంటాం" అన్నాడు.

సేల్స్ ఆయనకు అప్పటికప్పుడు లంచ్ అపాయింట్‌మెంట్ గుర్తొచ్చింది. ఆ అంకె మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇంకొకాయన జనవరి మంచులో తూటాలు తయారుచేసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, జూలైలో కారు డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. షూటింగ్ రేంజికి వెళ్లి కాలిస్తే, తూటా వెనక గడియలా మూసే రైఫిల్ బోల్ట్ బిగుసుకుపోయి, సుత్తితో కొడితే గానీ తెరుచుకోలేదు. వేడెక్కిన మందు ఎక్కువ ప్రెషర్ పుట్టిస్తుంది. మీరు ఏది కొలిచినా, ఏ వాతావరణంలో కొలిచారో రాసిపెట్టుకోండి. మిషిగన్ చలి చూసి సరే అన్నది ఇంకో చోట సరే కాకపోవచ్చు.

డాక్టర్ గారి తూటాలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక తెలుగాయనే.

డాక్టర్ వెంకటరత్నం గారు ఎముకల సర్జన్. తెనాలి వైపు మనిషి. డెబ్బైల మొదట్లో వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డారు. మా ఆయన మోకాలు బాగుచేసి మళ్లీ నడిపించింది ఆయనే. మన ఊళ్ల నుంచి ఎవరు వచ్చినా ముందు ఆయన ఇంట్లో భోజనం చేసేవారు. పాట్‌లక్‌లో నా ఉద్యోగం సంగతి విని వెనక్కి జరగకుండా ముందుకు వచ్చిన ఒకే ఒక్క మనిషి కూడా ఆయనే.

"అబ్బ, ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా సుగుణా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆయన పనిచేసే హాస్పిటల్‌లో మత్తు ఇచ్చే డాక్టరు హాల్. ఎన్నో ఏళ్లు ఒకే ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసి ప్రాణస్నేహితులయ్యారు. నవంబరు పదిహేనున జింకల సీజన్ మొదలవుతుంది. మిషిగన్‌లో కొందరికి అది పెద్ద పండగ. హాల్ ఈయన్ను ఒక ఏడాది ఉత్తరాన అడవిలోకి తీసుకెళ్లాడు. అక్కడి నుంచి ఈయనకు రైఫిల్ మీద ఇష్టం, రైఫిల్ కంటే తూటాలు తయారుచేయడం మీద ఇంకా ఇష్టం కుదిరాయి. ఏటా తనకోసం తయారుచేసుకున్నవాటిలో సగం హాల్‌కి బహుమతిగా ఇచ్చేవారు. భార్య ఇందిర గారు మాత్రం జింక మాంసం గరాజ్ దాటి లోపలికి రాకూడదని శాసనం చేశారు.

"నేను చేసిన తూటా బుక్‌లో రాసినదానికంటే ఫాస్ట్‌గా పోతుందమ్మా. స్పీడ్ కొలిచే మెషీన్ పెట్టి చూశాను. అదే మందు, అదే కొలత. హాస్పిటల్లో అందరికీ చెప్పాను. సర్జన్ చెయ్యి కదా మరి" అన్నారు.

నాకు వేన్ మొదటి సూత్రం గుర్తొచ్చింది. పైకి మాత్రం, ఒక ఇరవై ఇవ్వండి, ల్యాబ్‌లో చూస్తాను అన్నాను. ఆయన కొలత ఎంత వేశారో కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. పుస్తకంలో చెప్పిన ఆఖరి అంకె, సరిగ్గా అంతే.

మర్నాడు వాటిని సెన్సర్ బిగించిన టెస్ట్ బ్యారెల్‌లో పెట్టి తాడు లాగాను. మొదటిదానికే కొండ శిఖరం హద్దు దాటింది. రెండోది కాస్త తగ్గింది. మూడోది మొదటిదాన్ని కూడా మించిపోయింది. వేన్ నా భుజం మీదుగా స్క్రీన్ చూసి, ఇంక ఆపెయ్ అన్నాడు. మిగిలిన తూటాలను విప్పి, లోపల మందు తూచి చూశాం. ప్రతిదాంట్లోనూ రాసిచ్చినదానికంటే ఎక్కువే ఉంది.

"నీ డాక్టరు నీతో అబద్ధం చెప్పాడు, సూ" అన్నాడు వేన్.

"ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆయన మీద మాట పడితే నాకు నిజంగానే బాధేసింది.

వేన్ వాదించలేదు. తూచిన అంకెలను ఇంకోసారి చూశాడు. "త్రాసు తప్పయితే అన్నీ ఒకేలా తప్పు ఉండాలి. కావాలని ఎక్కువ వేసినవాడు కూడా అన్నిట్లో ఒకేలా వేస్తాడు. ఇక్కడ ఒక్కొక్కటి ఒక్కోలా ఉంది. అయితే అబద్ధం కాదేమో. ఈ మనిషి ఏదో చేస్తున్నాడు, అదేంటో ఆయనకే తెలియదు. వెళ్లి చూడు."

ఫోన్ చేశాను. డాక్టర్ గారూ, మీ దగ్గర ఉన్నవి ఒక్కటి కూడా కాల్చకండి అన్నాను.

"ఇప్పుడెందుకు కాలుస్తానమ్మా, సీజన్‌కి ఇంకా టైముంది. సగం హాల్‌కి ఇచ్చేశాను కూడా. ఆదివారం లంచ్‌కి రా, మాట్లాడుకుందాం. ఇందిర అక్కయ్య గుత్తి వంకాయ చేస్తుంది."

హాల్‌కీ చెప్పండి అంటే, ఆదివారం చూద్దాంలే అని ఫోన్ పెట్టేశారు. హాల్ నంబరు నా దగ్గర లేదు, ఆ వారమంతా నాకు అదే భయం. హాల్ రైఫిల్ వాళ్ల తాత నాటిదని, ఎంతో పాతదని డాక్టర్ గారే అంతకు ముందు మురిసిపోతూ చెప్పారు. రైఫిల్‌లో ఏదైనా తెగిందంటే అది తెగేది కాల్చేవాడి కంటికి బెత్తెడు దూరంలో.

నేలమాళిగలో

ఆదివారం భోజనం అయ్యాక డాక్టర్ గారు నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లారు. ఆపరేషన్ థియేటర్ కంటే శుభ్రంగా ఉంది. తెల్ల బట్ట పరిచిన బల్ల, దాని మీద మంచి త్రాసు, గరాటు, ఇత్తడి గొట్టాలు పెట్టిన చెక్క పళ్లెం. త్రాసు నేను తెచ్చిన తూకపురాళ్లతో సరిచూశాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"ఒకటి చేసి చూపించండి" అన్నాను.

చిన్న గిన్నెలో మందు పోశారు. త్రాసు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఒక్కో రేణువూ రాల్చారు. ముల్లు నిలిచింది. గిన్నె ఎత్తి గరాటులోకి వంచారు. ఆ వెంటనే ఆయన కుడిచెయ్యి డబ్బాలోకి వెళ్లింది. చిటికెడు మందు తీసి గరాటులో వేసింది. ఆయన అప్పటికే ఇంకో గొట్టం అందుకుంటున్నారు.

"డాక్టర్ గారూ, ఇప్పుడు ఏం వేశారు?"

"ఏం వేశాను? కొలత వేశాను."

"కొలత తర్వాత?"

"తర్వాత ఏం వెయ్యలేదే."

ఇంకొకటి చెయ్యమన్నాను. మళ్లీ అదే. ముల్లు నిలిచింది, గిన్నె వంచారు, చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. ఈసారి ఆగండి అన్నాను. రెండు వేళ్ల మధ్య నల్లటి రేణువులు పట్టుకుని ఆయన చెయ్యి గాల్లో ఆగింది. ఆ వేళ్లను ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

కాఫీ కప్పులు పట్టుకుని మెట్లు దిగుతున్న ఇందిర గారు నవ్వేశారు. "ఆయనంతేనమ్మా. పేషెంటుకి కట్టు కట్టినా ఒక చుట్టు ఎక్కువే చుడతారు. పెళ్లికి నూరు డాలర్లు చదివించమంటే నూట పదహార్లు."

"కొసరు" అన్నారు డాక్టర్ గారు, నెమ్మదిగా. "మా అమ్మది బియ్యం కొట్టమ్మా. మా నాన్న పోయాక ఆ కొట్టు మీదే నన్ను చదివించింది. మానికతో కొలిచాక పైన ఒక గుప్పెడు వెయ్యకుండా ఎవర్నీ పంపేది కాదు. తలగొట్టి కొలిచిన ఇంట్లో లక్ష్మి నిలవదు అనేది. నేను పక్కన కూర్చుని ఆ గుప్పెడు వేసేవాణ్ణి. అదే నా డ్యూటీ."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ తల్లిని తప్పుపట్టడానికి నేనెవరిని? కానీ వచ్చిన పని అదే.

కాగితం తీసుకుని కొండ బొమ్మ గీశాను. పుస్తకంలో ఆఖరి అంకె ఇది, దీనికి పైన ఇంక చోటు లేదు, మీ చిటికె పడేది ఇక్కడ, అందుకే మీ తూటాకి ఆ వేగం అని చెప్పాను. ఆయన విన్నారు గానీ ఒప్పుకోలేదు.

"ఒక చిటికెకి ఇంత రాద్ధాంతమా? బోలెడు కాల్చాను. ప్రైమర్లు శుభ్రంగా ఉన్నాయి, బోల్ట్ వెన్నలా తెరుచుకుంటుంది. ఏం కాలేదుగా."

ఇలాంటప్పుడు అంకెలు పనిచేయవు. మీకు చెప్పదలుచుకున్నది ఇదే. ఎదుటి మనిషి తన పనిలో దేనికి భయపడతాడో తెలుసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

"డాక్టర్ గారూ, మీరు ఆపరేషన్ చేసేటప్పుడు హాల్ గారు మత్తు కొలిచి ఎక్కించాక, పైన ఒక కొసరు వేస్తే ఊరుకుంటారా?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశారు. త్రాసు మీద గిన్నె తీసి బోర్లించారు.

ఫోను

"ఇప్పుడే హాల్ గారికి ఫోన్ చెయ్యండి" అన్నాను.

"పదిహేనుకి కలుస్తాం కదా, అప్పుడు చెప్తాలే."

"ఈలోగా రైఫిల్ సరిచూసుకోవడానికి కాలుస్తారేమో. అందరూ సీజన్ ముందు అదే కదండీ చేసేది."

ఆయన ముఖం చూస్తే నాకు సంగతి అర్థమైంది. భయం కాదు, సిగ్గు. హాస్పిటల్ మొత్తానికి సర్జన్ చెయ్యి అని చెప్పుకున్న మనిషి. ఆ చెయ్యి గొప్పతనం ఒక చిటికెడు మందు అని ఇప్పుడు తన నోటితో ప్రాణస్నేహితుడికి చెప్పాలి. రోగికి చేదువార్త చెప్పడం ఆయనకు రోజూ ఉన్న పనే. ఇది అంతకంటే కష్టంగా ఉన్నట్టుంది.

ఇందిర గారు ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నారు. ఆయన నంబర్ నొక్కి, నేను కూడా వినేలా స్పీకర్ ఆన్ చేశారు.

"హాల్, నేనిచ్చిన తూటాలు ఏమైనా కాల్చావా?"

"లేదు వెంకట్, ఏం?"

"కాల్చకు. దాంట్లో మందు ఎక్కువ పడింది. త్రాసు తప్పు కాదు, పుస్తకం తప్పు కాదు. నేనే. కొలిచాక చేత్తో ఇంకొంచెం వేస్తున్నాను. వేస్తున్నానని నాకే తెలియలేదు. ఆ స్పీడంతా అదే. పోయినేడు ఇచ్చినవి, అంతకు ముందువి కూడా అంతే అయ్యుంటాయి. నీకేదైనా అయ్యుంటే..."

అవతల హాల్ గొంతు సవరించుకున్నాడు.

"వెంకట్, నేనూ నీకొకటి చెప్పాలి. నువ్విచ్చిన తూటా ఒక్కటి కూడా నేనెప్పుడూ కాల్చలేదు."

"ఒక్కటి కూడా?"

"ఇంకొకరు చేతితో చేసిన తూటా నీ రైఫిల్‌లో పెట్టకు అని మా నాన్న చెప్పాడు. నువ్వు అంత ప్రేమగా తెచ్చి ఇస్తుంటే వద్దనలేకపోయాను. ఇన్నేళ్లుగా ఇచ్చినవన్నీ మా ఇంట్లో షెల్ఫ్ మీద వరసగా ఉన్నాయి."

"మరి పోయినేడు కొట్టిన జింక? నా తూటాకే పడిందన్నావు?"

"షాపులో కొన్నదానికి పడింది."

ముందు ఇందిర గారు నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. నాకూ ఆగలేదు. వారం రోజుల భయం అలా బయటికి పోయింది. డాక్టర్ గారు మా ఇద్దరినీ ఒకసారి చూసి, ఫోను వైపు చూసి, ఏడవాలో నవ్వాలో తెలియని ముఖం పెట్టారు. చివరికి ఆయనా నవ్వారు గానీ, అందులో కాస్త నొప్పి ఉంది. అన్నేళ్లు ఇచ్చిన బహుమతి షెల్ఫ్ మీద ఉండిపోయిందంటే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది.

"వెంకట్, ఉన్నావా?" అన్నాడు హాల్.

"ఉన్నాను."

"ఇరవై మళ్లీ చేసి ఇవ్వు. ఈసారి కాలుస్తాను."

"మీ నాన్న వద్దన్నాడుగా."

"తప్పు జరిగిందని ఫోన్ చేసి చెప్పేవాళ్లు ఉంటారని మా నాన్నకి తెలియదు."

ఆ సాయంత్రమంతా ముగ్గురం కూర్చుని ఉన్న తూటాలన్నీ విప్పాం. మర్నాడు హాల్ షెల్ఫ్ మీదివి కూడా వచ్చాయి. డాక్టర్ గారు పుస్తకంలో ఆఖరి అంకె వదిలేసి, కింది నుంచి మొదలుపెట్టి, కొత్తవి చేశారు. ఇందిర గారు ఎదురుగా కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుతూ, ఆయన చెయ్యి డబ్బా వైపు వెళ్లినప్పుడల్లా అల్లిక సూదితో బల్ల మీద కొట్టేవారట. కొన్ని నాకు ల్యాబ్‌కి ఇచ్చారు. అన్ని కొండలూ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చున్నాయి. వేగం పుస్తకంలో రాసినంతే వచ్చింది. వేన్ చూసి, ఎవరివి ఇవి అన్నాడు. అదే డాక్టర్‌వి అన్నాను. ఆయన తలూపి తన గదిలోకి వెళ్లిపోయాడు. వేన్ దగ్గర అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు.

నవంబరు పదిహేను సాయంత్రం ఉత్తరాన ఏదో గ్యాస్ స్టేషన్ నుంచి డాక్టర్ గారు ఫోన్ చేశారు. వెనకాల గాలి హోరు, ఎవరో ట్రక్కు తలుపు వేసిన చప్పుడు.

"అమ్మాయ్, హాల్ కాల్చాడు" అన్నారు.

"జింక పడిందాండీ?"

"లేదు, తప్పిపోయింది. పోతే పోయిందిలే. నా తూటా పెట్టుకున్నాడమ్మా."